అత్తగారు సిఫారసు చేసిన బ్రేకులు

"ఆరు పిస్టన్లదే తీసుకో అమ్మాయ్. నాలుగుది ఏం ఆనుతుంది?" అంది అత్తగారు, కళ్ళజోడు చీరచెంగుతో తుడుచుకుంటూ.

పళ్ళ డాక్టరమ్మ చేతిలో కాఫీ కప్పు గాల్లోనే ఆగిపోయింది. అన్నదెవరు? కోడలు కొనుక్కున్న జపాను కారు ఇంటికొచ్చిన రోజు నుంచీ దాన్ని "నేలబారు డబ్బా" అని తప్ప మరో పేరుతో పిలవని మనిషి. ఉన్నవి రెండే సీట్లని, ఎక్కాలంటే పాకాలని, డిక్కీలో కూరల సంచీ కూడా పట్టదని వచ్చేపోయే వాళ్ళందరి దగ్గరా వాపోయిన మనిషి. అలాంటావిడకి బ్రేకు పిస్టన్ల లెక్క ఎక్కడ తెలిసింది?

డాక్టరమ్మ నెలకోసారి ఊరి బయటి రేస్ ట్రాక్ మీద సరదాకి కారు తోలుతుంది. మిగతా ఆదివారాలు పొద్దున్నే ఒక చుట్టు తిరిగొస్తుంది. ట్రాక్ మీద పదేపదే గట్టిగా తొక్కితే కంపెనీ బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. అందుకే బయట దొరికే పెద్ద బ్రేకుల సెట్టు వేయిద్దామని ఆర్నెల్లుగా చూస్తోంది. చక్రాన్ని ఒత్తి ఆపే పిస్టన్లు నాలుగున్నదైతే ఉన్న చక్రాల్లోనే ఇముడుతుంది. ఆరు పిస్టన్లది బండది. దానికి చక్రాలూ మార్చాలి, పైగా ముందు చక్రాలు మరీ గట్టిగా పట్టేసి వెనకవి ఊరికే ఉంటాయి. ఇదంతా ఇన్నాళ్ళూ ఆమె ఒక్కతే ఆలోచించుకుంది, ఇంట్లో వినేవాళ్ళు లేక.

ఇప్పుడు మొగుడు కూడా వింటున్నాడు. లైబ్రరీలో పనిచేసే నెమ్మదస్తుడు, ఖాళీ గదిలో లైటు వెలుగుతుంటే నిద్రపట్టని పొదుపరి.

"చక్రాలు కూడా మార్చాలండీ" అంది ఆమె, ఖర్చు వింటే జంకుతాడేమో చూద్దామని.

"మార్చేద్దాం. అన్నిటికంటే పెద్దదే వేయిద్దాం. రేపే షెడ్డుకి పంపిస్తాను. నువ్వు శ్రమపడకు."

ఏదో తిరకాసుంది అనుకుంది. "రోజూ రెండుపూటలా తోముతున్నామండీ" అనేవాళ్ళ నోళ్ళలోకి ఇరవయ్యేళ్ళుగా తొంగిచూస్తున్న మనిషి ఆమె. మాటను కాక పంటిని నమ్మడం అలవాటైపోయింది.

గుర్తు చేసుకుంటే అనుమానం ఇంకా బలపడింది. డాక్టర్ల సభకని రైల్లో వేరే ఊరెళ్ళి రెండు రోజులుండి వచ్చింది. వచ్చినప్పటి నుంచీ ఒక్క ఆదివారం కూడా కారు కదల్లేదు. మొదటివారం సరిగ్గా తాళం చేతిలోకి తీసుకునే సమయానికి అత్తగారికి మోకాలు నొప్పి. తర్వాతి వారం తాళమే కనబడలేదు, సాయంత్రానికి చెప్పుల అరలో దొరికింది. మొన్నటివారం బ్యాటరీ తీగ ఊడిపోయి ఉంది. తీగ దానంతటదే ఊడుతుందా? తల్లీ కొడుకులు కూడబలుక్కుని కారు వదిలించుకోవాలని చూస్తున్నారు, షెడ్డుకని వెళ్ళిన కారు ఇక ఇంటికి రాదు అని తేల్చుకుంది. సంపాదించి కొనుక్కున్న ఒక్క సంతోషాన్ని కూడా ఓర్వలేరా?

"షెడ్డుకి తర్వాత పంపుదాం. ముందు కొలత నేనే చూస్తాను" అంటూ లేచింది. పెద్ద బ్రేకు చక్రంలో ఇముడుతుందో లేదో తెలియాలంటే అట్టముక్కను ఆ ఆకారంలో కత్తిరించి, చక్రం విప్పి, లోపల పెట్టి చూసుకోవాలి. అట్ట సిద్ధంగానే ఉంది.

"ఈ ఎండలో ఎందుకు!" అని మొగుడు వెంటపడ్డాడు. "మేస్త్రీ చూసుకుంటాడుగా!" అని అత్తగారు, నొప్పి మోకాలు మరిచిపోయి, అతనికంటే ముందే కారు దగ్గరికి చేరింది.

డాక్టరమ్మ జాకీ ఎత్తి ముందు చక్రం విప్పింది. అట్ట పెట్టబోయి ఆగింది. బ్రేకు పళ్ళెం నీలంగా కమిలిపోయి ఉంది. దాన్ని పట్టుకునే ప్యాడ్లు వేడికి గట్టిపడి అద్దంలా మెరుస్తున్నాయి. సభకి వెళ్ళే ముందే తన చేత్తో వేసిన కొత్త ప్యాడ్లవి. బానెట్ ఎత్తి బ్రేకు ఆయిలు చూస్తే డికాషన్‌లా నల్లబడింది.

"ఈ కారు ఎవరు తోలారు?" అంది, వెనక్కి తిరక్కుండానే.

మొగుడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "అంటే... అదీ..." అని నీళ్ళు నమిలాడు.

"వాణ్ణేమీ అనకు. నేనే తీసుకెళ్ళమన్నాను" అంది అత్తగారు. "ఆదివారం నువ్వలా వెళ్ళొస్తే నీ మొహం వేరేగా ఉంటుంది. ఆ డబ్బాలో ఏముందో ఒక్కసారి చూద్దామనిపించింది. నిన్నడగడానికి మొహం చెల్లలేదు, అన్ని మాటలన్నాక."

ఇద్దరూ కొండరోడ్డెక్కారట. పైదాకా బాగానే ఉంది. దిగేటప్పుడు ఈ పొదుపరి, పల్లమే కదా పెట్రోలు ఎందుకు దండగని గేరు తీసేసి, బ్రేకు మీదే కాలుంచి దింపుకొచ్చాడు. సగం దూరం వచ్చేసరికి కాలిపోయిన వాసన. ఆఖరి మలుపు దగ్గర పెడల్ నేలకంటా దిగిపోయింది. చేతిబ్రేకు లాగి కొండవైపు మట్టిగట్టుకి ఆనించాడు. ఆ పక్కనైతే లోయే.

"బ్రేకులే అంతంతమాత్రమని అర్థమైంది నాకు" అన్నాడు మొగుడు. "నువ్వు దీంతోనే ట్రాక్ మీద మాకంటే మూడింతల వేగంతో పోతావు. మాకైతే గట్టు అడ్డొచ్చింది, నీకేం అడ్డొస్తుంది? అందుకే తీగ పీకాను. తాళం దాచాను. లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చి బ్రేకుల సంగతంతా అమ్మకి చదివి వినిపించాను."

"చెప్పొచ్చు కదా!" అని అరిచింది. "చెప్పకుండా నన్ను ఆపుతూ కూర్చుంటే, ఒక్క ఆదివారం మీ ఎత్తు పారకపోతే నేనేమయ్యేదాన్ని?"

డాక్టరమ్మకి కోపం పట్టలేనంత ఉంది. వాళ్ళిద్దరూ ఆ మలుపు దగ్గరే పోయి ఉంటే, తాను రైలు దిగి ఏ ఇంటికి వచ్చేది అన్న భయం దానికంటే ఎక్కువగా ఉంది. అట్ట పడేసి అక్కడే కూలబడి ఏడ్చింది.

తర్వాత ముక్కు చీదుకుని తీర్పు చెప్పింది. "బ్రేకుల తప్పేం లేదు. గేరు తీసేసి దిగితే ఆరు కాదు, అరవై పిస్టన్లున్నా ఉడికిపోతాయి. ట్రాక్ కోసం నాలుగుదే వేయిస్తాను. మీరు మాత్రం ఆ తాళం ముట్టుకోకండి."

"అలాగే" అన్నాడు మొగుడు, శిక్ష ఇంతేనా అన్నట్టు.

కొత్త బ్రేకులు బిగించాక వచ్చిన ఆదివారం ఆమె అత్తగారిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని అదే కొండ ఎక్కించింది. దిగేటప్పుడు రెండో గేరు వేసి పెడళ్ళ మీంచి కాలు తీసేసింది. ఇంజినే కారుని వెనక్కి పట్టి ఉంచింది. ఆఖరి మలుపు రాగానే పెద్దావిడ వేళ్ళు సీటు అంచుని గట్టిగా పట్టుకున్నాయి.

"ఇక్కడే" అంది. "ఆ రోజు బ్రేకు పడకపోయేసరికి గట్టిగా అరిచాను."

"దేవుడా అనా?"

"కాదు. నిన్ను పిలిచాను."

డాక్టరమ్మ రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా ఎడమ చెయ్యి చాచి ఆ వేళ్ళను పట్టుకుంది. కారు నెమ్మదిగా మలుపు తిరిగింది.