చెప్పులు విడిచే చోటు

మునిరామయ్య చెప్పులు విడిచాడు. వాటిని ట్రాకు అంచున గీసిన తెల్లగీతకు ఇవతల, ముందు భాగం ట్రాకు వైపు ఉండేలా జతగా సర్ది, వంగి నేలను తాకి వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. భుజాన తుండుగుడ్డ ఉంది. నడుముకు దోపుకున్న జెండాలు రెండు, ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. పొద్దు ఇంకా పొడవలేదు గానీ తూర్పున పులికాట్ వైపు ఆకాశం తెల్లబడింది. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి ఉదయం ఇదే పని. నాయుడుపేటకూ సూళ్లూరుపేటకూ నడుమ హైవే పక్కనున్న ఈ మోటారు రేసుల ట్రాకును ఆయన ఒక చుట్టు నడిచి, పచ్చజెండా ఎత్తేదాకా లోపల ఏ బండీ కదలకూడదు. ఆ రూలు పెట్టిన మేనేజరు ఎప్పుడో రిటైరయ్యాడు, కంపెనీ రెండు చేతులు మారింది, రూలు మాత్రం అలాగే ఉండిపోయింది.

మనిషి పొట్టి. అరవైకి రెండేళ్ళు తక్కువ. ఖాకీ ప్యాంటు మోకాళ్ళ కిందిదాకా మడిచి ఉంటుంది. ఒంట్లో చెప్పుకోదగ్గవి పాదాలే. ఆ ఎత్తుకు అంత పెద్ద పాదాలేమిటా అనిపిస్తుంది. వేళ్ళు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. భార్య అక్కమ్మ పెళ్ళైన కొత్తలో ఆ పాదాలను చూసి నవ్విందట. ఇప్పటికీ అప్పుడప్పుడూ నవ్వుతుంది.

మొదట్లో ఆయన కూడా అందరిలాగే చెప్పులతోనే నడిచేవాడు. ఒకసారి రెండో మలుపులో చింతగింజంత కంకర రాయి మిగిలిపోయింది. దాని మీద బైకు జారి ఒక మద్రాసు కుర్రాడు భుజం విరగ్గొట్టుకున్నాడు. మేనేజరు తిట్టలేదు. ఆ రాయిని తెచ్చి మునిరామయ్య అరచేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే సాయంత్రానికి మరిచిపోయేవాడేమో. మర్నాటి నుంచి ఆయన చెప్పులు తెల్లగీత దాటలేదు. నల్లటి తారు మీద నల్లటి రాయి కంటికి కనపడదు, కాలికి దొరుకుతుంది. నూనె చుక్క, ఊడిపడ్డ బోల్టు, వెంట్రుకంత నెర్రె, ఎండకు తారు మెత్తబడ్డ చోటు, వాన వెలిశాక నీళ్ళు నిలిచే చోటు, అన్నీ ఆయన అరికాళ్ళకు తెలిసేవి. బెంగుళూరు నుంచి వచ్చే పెద్ద పెద్ద రేసర్లు కూడా మొదటి చుట్టుకు ముందు "పెద్దాయన నడిచినాడా?" అని అడిగి మరీ బండి ఎక్కేవాళ్ళు.

చెప్పుల సంగతి కూడా చెప్పాలి. అవి రేసు టైరువి. అరిగి పారేసిన టైరు ముక్కను నాయుడుపేట బజారులో చెప్పులు కుట్టే ఆయన చేత కోయించి, వారులు వేయించుకున్నాడు. రేసు టైరుకు గీతలుండవు. నున్నగా, మామూలు టైరు కన్నా మెత్తగా ఉంటుంది. ఏళ్ళ తరబడి తొక్కీ తొక్కీ ఆ రబ్బరులో మడమలకూ పది వేళ్ళకూ గుంతలు పడ్డాయి. వాటిలో ఇంకెవరి కాళ్ళూ ఇమడవు.

రెండేళ్ళ కిందట కొత్త కంపెనీ వచ్చి ట్రాకును మూసి, మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. ఆ పనుల మధ్య కూడా ఆయన ఉదయం నడక ఆగలేదు. రేకుల గ్యాలరీ పోయి వేలమంది కూర్చునే స్టాండు వచ్చింది. ఇక మీదట పెద్ద రేసులు, కచేరీలు ఇక్కడే జరుగుతాయన్నారు. మునిరామయ్యకు నచ్చింది అది కాదు. ట్రాకు లోపలి బీడును చదును చేసి కబడ్డీ కోర్టులు, ఖోఖో మైదానం వేశారు. ఉదయం పూట చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి నడవడానికి, సైకిళ్ళు తొక్కడానికి గేటు తీసి ఉంచుతామన్నారు. ఇన్నేళ్ళూ తన ఊరివాళ్ళకు ఈ ట్రాకు అంటే కంచె అవతలి మోత, దుమ్ము, అంతే. ఇప్పుడు వాళ్ళు లోపలికి వస్తారు. పైగా ప్రారంభం కార్లతో కాదు. కార్లు వచ్చేవారం. ఈ ఆదివారం, అంటే ఈ రోజు, ఊళ్ళలోని బడిపిల్లలు రెండు వందల మంది ట్రాకు చుట్టూ పరుగు తీస్తారు. ఈ కబురు విన్న రోజు మునిరామయ్య ఇంటికెళ్ళి అక్కమ్మకు రెండుసార్లు చెప్పాడు.

ఒక్క సంగతి మాత్రం ఆమెకూ చెప్పలేదు. ఉగాది నుంచి ఆయన అరికాళ్ళకు ఏమీ తెలియడం లేదు.

మొదట పత్తి మీద నడిచినట్టు ఉండేది. తర్వాత ఆ పత్తి కూడా తెలియలేదు. సుగరు ఉందని ముందే తెలుసు. మాత్రలు గుర్తున్నప్పుడు వేసుకునేవాడు. డాక్టరు కళ్ళు మూసుకోమని చెప్పి, సన్నటి దారంతో కాలిని తాకుతూ "తెలుస్తోందా?" అని అడిగాడు. మునిరామయ్య కంటి సందులోంచి చూస్తూ "తెలస్తా ఉండాది" అన్నాడు. డాక్టరు నిట్టూర్చి, చెప్పుల్లేకుండా నడవొద్దని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ కంపెనీ ఇచ్చిన కొత్త బూట్ల పెట్టెలో ఉంది. బూట్లూ అందులోనే ఉన్నాయి.

అప్పటి నుంచి ఆయన నడకలో కొత్త అలవాటు చేరింది. పది అడుగులకోసారి వంగి అరచేత్తో తారును నిమురుతాడు. చూసినవాళ్ళు పెద్దాయన ట్రాకుకు మొక్కుతున్నాడనుకున్నారు. అనుకోనిచ్చాడు. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, లేదని కాదు. కానీ అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి. ఈ పాదాలు పనికిరావని తేలితే తనలో మిగిలేదేమిటో ఆయనకు తోచలేదు.

మొదటి మలుపు దగ్గర కోమలి చీపురు పక్కన పెట్టి నిలబడింది. ట్రాకు ఊడ్చే ఆడవాళ్ళ జట్టుకు ఆమె పెద్ద. వాళ్ళదీ మునిరామయ్య ఊరే.

"మామా, మూడో మలుపుకాడ నిన్న సాయంత్రం దాకా కంచె పని చేసినారు. నేను చిమ్మినాను, మిషను గూడా తిప్పినారు. అయినా నువ్వొకసారి సూడు."

"సూస్తాలే."

"మా పాప రూపశ్రీ గూడా పరిగెత్తతా ఉండాది ఈ పొద్దు. బూట్లిస్తే వద్దనింది, కరస్తా ఉండాయంట."

మునిరామయ్య ఆగాడు. "వట్టికాళ్ళతోనా?"

"సగం మంది పిల్లోళ్ళు అంతే కదా. అయినా నువ్వుండావు కదా మామా," అని ఆమె చీపురు అందుకుంది.

రెండో మలుపు దాకా వంగుతూ, నిమురుతూ వెళ్ళాడు. నడుము పట్టేసింది. పొద్దు పొడిచింది. మూడో మలుపు సరిగ్గా కొత్త స్టాండు ఎదురుగా ఉంటుంది. అప్పటికే అక్కడ అధికారులు, అతిథులు వచ్చి కూర్చున్నారు. ఇంజనీరు నరేంద్ర పలమనేరు మనిషి, మంచివాడు, కాస్త ఉత్సాహం ఎక్కువ. మైకు అందుకుని, ఇరవై ఆరేళ్ళుగా ఈ ట్రాకును అరికాళ్ళతో చదివిన మనిషి అదిగో అని చూపించాడు. స్టాండులో అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు.

వంగబోయిన మునిరామయ్య వంగలేదు. తల ఎత్తి, వేళ్ళు విచ్చుకున్న ఆ పెద్ద పాదాలతో, మూడో మలుపు పొడుగునా నిటారుగా నడిచాడు. కింద ఏముందో ఆయనకు తెలియదు. కోమలి చిమ్మింది కదా, మిషను తిప్పారు కదా అనుకున్నాడు. చెయ్యకూడని పని చేస్తున్నానని తెలుసు. అయినా ఆ చప్పట్లు వినపడినంత సేపూ బాగుంది.

తెల్లగీత దగ్గరికి వచ్చి పచ్చజెండా ఎత్తాడు. పిల్లలు కేకలు వేస్తూ వరుసల్లోకి తోసుకొచ్చారు. మునిరామయ్య ట్రాకు అంచున దిమ్మె మీద కూర్చుని, రోజూ చేసినట్టే చెప్పులేసుకునే ముందు తుండుగుడ్డతో కాళ్ళు తుడుచుకున్నాడు. ఎడమ కాలు తుడిచాడు. కుడి కాలు తుడిచాక గుడ్డ ఎర్రబడింది.

కొత్తగా పూసిన తెల్లగీత మీద కుడిపాదం ముద్ర ఎర్రగా ఉంది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి, మూడో మలుపు వైపు పోతున్నాయి. నల్లటి తారు మీద అవి తడి మరకల్లా ఉన్నాయి, తెలిసినవాళ్ళకు తప్ప కనపడవు. కాలు ఎత్తి చూసుకున్నాడు. అగ్గిపుల్లంత నల్లటి ఇనుప తీగ ముక్క మడమలో సగం దాకా దిగి ఉంది. కంచె కట్టడానికి వాడే తీగ. లాగితే వచ్చేసింది. నొప్పి లేదు. కాస్తయినా నొప్పి పుడితే బాగుండునని ఆయనకు ఏడుపొచ్చింది.

ఎవరూ చూడలేదు. తుండుగుడ్డ మడిచేసి, చెప్పులేసుకుంటే సరిపోయేది. ఎవరికైనా తీగ గుచ్చుకున్నా కంచె కట్టినవాళ్ళను అంటారు గానీ ఆయనను అనరు. వరుసలో ముందు రూపశ్రీ నిలబడి ఉంది, రెండు జడలతో, ఒక పాదంతో ఇంకో పాదాన్ని గోక్కుంటూ. మైకులో అంకెలు లెక్కపెట్టడం మొదలైంది.

మునిరామయ్య లేచి ఎర్రజెండా తీశాడు. కొత్త జెండా, ఇంకా మడతలు పోలేదు. రెండు చేతులతో విప్పి పట్టుకుని, వట్టికాళ్ళతోనే ట్రాకు మధ్యకు వెళ్ళి నిలబడ్డాడు.

నరేంద్ర పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది పెద్దాయనా? ఇప్పుడే కదా పచ్చది ఎత్తినావు?"

"తప్పు చేసినాను సార్. మూడో మలుపులో తీగ ముక్కలు ఉండాయి. పిల్లోళ్ళను పంపొద్దు."

"మరి నడిచినప్పుడు చెప్పలేదే?"

"తెలీలేదు సార్." తుండుగుడ్డ చూపించాడు. "నా కాళ్ళకు తెలివి లేదు. ఉగాది నుంచీ లేదు. మీకు చెప్పకుండా దాచినాను."

నరేంద్ర ఆ గుడ్డను చూశాడు, పాదాన్ని చూశాడు. మైకు దగ్గరికి వెళ్ళి కాసేపు ఆగమని చెప్పాడు. స్టాండులో అతిథులు గడియారాలు చూసుకున్నారు.

మిషను మళ్ళీ తిప్పుదామన్నాడు ఎవరో. కోమలి వినలేదు. చెప్పులు విడిచి మునిరామయ్య చెప్పుల పక్కన పెట్టింది. జట్టులోని ఆడవాళ్ళు తొమ్మిది మందీ విడిచారు. మూడో మలుపు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా భుజానికి భుజం కలిపి నిలబడి, మెల్లగా నడిచారు. ఒకామె "స్స్" అని ఆగి వంగింది. తర్వాత ఇంకొకామె. ముప్పావు గంటలో కోమలి కొంగులో గుప్పెడు తీగ ముక్కలు చేరాయి. రాత్రి చెత్త తీసుకెళ్ళిన ట్రాక్టరు లోంచి రాలి ఉంటాయన్నారు. మునిరామయ్య దిమ్మె మీద కూర్చుని వాళ్ళ కాళ్ళనే చూస్తున్నాడు. నిమురుతూ, తడుముతూ, ఒక్కో అడుగూ అడిగి వేస్తున్నట్టు ఉంది వాళ్ళ నడక. తనది కూడా ఒకప్పుడు అలాగే ఉండేదని గుర్తొచ్చింది.

కోమలి వచ్చి, "ఇప్పుడు బాగుండాది మామా, జెండా ఎత్తు" అంది.

"నువ్వే ఎత్తు. నడిచినోళ్ళే ఎత్తల్ల," అని రెండు జెండాలూ ఆమె చేతిలో పెట్టాడు.

పిల్లలు పరుగెత్తారు. రెండు వందల మంది కాళ్ళ చప్పుడు బైకుల మోతలా ఉండదు, తొలకరి వాన రేకుల మీద పడినట్టు ఉంటుంది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. రూపశ్రీ పదకొండోది వచ్చింది. పడ్డవాళ్ళు లేరు, గుచ్చుకున్నవాళ్ళు లేరు.

ప్రథమ చికిత్స గదిలో మడమకు పెద్ద కట్టు కట్టారు. మధ్యాహ్నం నరేంద్ర వచ్చి పక్కన కూర్చున్నాడు.

"గేటుకాడ కుర్చీ వేయిస్తాను పెద్దాయనా. కూర్చోనే ఉందువు, జీతం అదే."

"వద్దు సార్," అన్నాడు మునిరామయ్య. "పిల్లోళ్ళు పొద్దున పూట వస్తా ఉంటారు కదా? గేటు మూయరు కదా?" అని అడిగాడు.

"మూయం."

"అది చాలు."

సాయంత్రం కంపెనీ జీపు ఆయనను ఇంటికి తీసుకెళ్ళింది. కట్టు కట్టిన కాలు చెప్పులో పట్టలేదు. రెండో కాలికి ఒక్కదానికే ఎందుకని చెప్పులు అక్కడే వదిలేసి ఎక్కాడు. ట్రాకు పక్కగా పోతుంటే జీపును ఆపించి, దిగకుండానే ఒకసారి చూసుకున్నాడు. అప్పటికే కబడ్డీ కోర్టులో ఎవరో కూత పెడుతున్నారు.

నాలుగో రోజు జ్వరం వచ్చింది. కాలు నల్లబడింది. తిరుపతికి తీసుకెళ్ళారు. మోకాలి కింద తీసేస్తే బతుకుతాడన్నారు డాక్టర్లు. తీసేశారు కూడా. పదకొండో రోజు తెల్లవారుజామున, ఆయన రోజూ ట్రాకుకు బయల్దేరే వేళకు, అక్కమ్మ చెయ్యి పట్టుకుని ఉండగానే పోయాడు. ఆమె దుప్పటి సర్ది, మిగిలిన ఆ ఒక్క పాదాన్ని చాలాసేపు రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది.

కర్మంతరాలయ్యాక కోమలి చెప్పులు తెచ్చివ్వనా అని అడిగింది. "ఇంట్లో ఏం చేసుకునేది? ఆడే ఉండనీ," అంది అక్కమ్మ.

ఇప్పుడు ట్రాకును కోమలి నడుస్తుంది. ఆమె చెప్పులు విడిచే చోటు కూడా అదే. పొద్దున్నే నడకకు వచ్చే ఊరివాళ్ళు ఆ పాత జతను తొక్కకుండా, జరపకుండా పక్క నుంచి వెళతారు. మొన్న రాత్రి వాన పడింది. తెల్లారేసరికి కొత్త తారు మీద ఎక్కడా చుక్క నీరు నిలవలేదు, ఆ రబ్బరు చెప్పుల్లోని పది వేళ్ళ గుంతల్లో తప్ప.