నన్ను లెక్కలో వేయకు

పాలు పొంగేలోపు కవర్లు సర్దేయాలని కోడలు తొందరపడుతోంది. వంటగది బల్ల మీద పాత జీతం కవర్లు ఆరు వరసగా పరిచి ఉన్నాయి: అద్దె, కరెంటు, సరుకులు, స్కూలు, బస్సు, పండగ. వాటి మీద పెన్సిలు రాతలు చెరిపి రాసీ చెరిపి రాసీ కాగితం నూగు లేచింది. అద్దె కవరు బొద్దుగా ఉంది, ఒకటో తారీకు దాకానే ఆ వైభోగం. పండగ కవరు మాత్రం పుట్టినప్పటి నుంచీ బక్కదే.

క్రిస్మస్‌కి ఇంకా పదకొండు రోజులుంది. గోదాములో బస్తాలు ఎత్తే భర్తకి ఓవర్‌టైం ఆగిపోయి రెండు నెలలైంది. పాపకి బూట్లు తప్పవు, పాతవి వేళ్ల దగ్గర నోళ్లు తెరిచాయి. కేకు సామాను, చర్చిలో కానుక, భర్తకి ఒక చొక్కా. ఆమె వేళ్ల మీద కూడింది, మళ్లీ కూడింది. మొదటిసారి ఎంత వచ్చిందో రెండోసారీ అంతే వచ్చింది. దిక్కుమాలిన కూడికలకి మొహమాటం ఉండదు కదా.

పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చుని అత్త బఠాణీలు ఒలుస్తోంది. డెబ్బై దాటిన మనిషి. ఒక బడిలో ముప్ఫై ఏళ్లు నేల తుడిచి కొడుకుని పెంచింది, ఆ తుడవడంలోనే వేళ్ల కణుపులు ఉబ్బిపోయాయి. తల ఎత్తకుండానే అంది.

"ఈసారి నన్ను లెక్కలో వేయకే అమ్మాయ్."

ఇది కొత్త మాటేం కాదు. ఈ ఇంటికి వచ్చిన తొమ్మిదేళ్లలో కోడలు ఏటా విన్నదే. జవాబూ ఏటా ఒకటే: "మీరు ఊరుకోండి అత్తయ్యా, మిమ్మల్ని వదిలేసి పండగేంటి?" అప్పుడు అత్త, డబ్బులేమైనా చెట్లకి కాస్తున్నాయా అని విసుక్కునేది. తీరా పండగనాడు కొత్త స్వెట్టరో గౌనో వేసుకుని, చర్చి వాకిట్లో కనిపించిన ప్రతి మనిషికీ చెప్పేది: "వద్దంటే వింటేనా మా కోడలు, కొని పడేసింది." వద్దనడం ఆవిడ వంతు, వినకపోవడం ఈమె వంతు. ఈ ఇద్దరి మధ్యా ప్రేమ అంటే అంతకంటే పెద్ద మాటలు ఎప్పుడూ నడవలేదు.

ఈసారి కోడలికి పొద్దున్నే తల వేడెక్కి ఉంది. పాలు అంచుదాకా వచ్చాయి. పొయ్యి కట్టేస్తూ అంది.

"సరే అత్తయ్యా."

అత్త చేతిలో కాయ ఒక్క క్షణం ఆగింది. తర్వాత టప్‌మని విచ్చుకుంది.

"అదే మంచిది," అందావిడ.

కోడలి పని లాండ్రీలో. హోటళ్ల నుంచి వచ్చే దుప్పట్లు ఉతికి, ఆరబెట్టి, మడిచి పంపాలి. పండగ నెలలో గదులన్నీ నిండుతాయి కాబట్టి దుప్పట్లు రెట్టింపు, జీతం మాత్రం అదే. ఒక్కో దుప్పటికి ఇద్దరు. చెరో కొసా పట్టుకుని విదిలించి, ఒకరి వైపు ఒకరు నడిచి, మూలకి మూల కలపాలి. ఆవిరికి గోడలు చెమ్మగిల్లే ఆ హాల్లో ఆమె రోజుకి ఎన్ని వందలసార్లు అలా నడుస్తుందో ఆమెకే తెలియదు. ఆ రోజు ఒక్క మూలా సరిగ్గా కలవలేదు.

"ఏంటే, మనసెక్కడ పెట్టొచ్చావ్?" అంది అవతలి కొస పట్టుకున్న జోడీ.

కోడలు జరిగింది చెప్పింది.

జోడీ దుప్పటి వదిలేసినంత పని చేసింది. "సరే అనేశావా? పెద్దవాళ్లు వద్దన్నారంటే ఇంకోసారి అడగమనే. ఆమాత్రం తెలియదా నీకు?"

తెలియకేం. తొమ్మిదేళ్లుగా తెలుసు. ఏ కవరు డబ్బు ఆ కవరుకే అనే నియమం ఆమెకి నేర్పిందే అత్త. ఆ నియమాన్ని ఈ ఒక్కసారికి పక్కన పెట్టి కరెంటు కవర్లోంచి కొంత తీద్దామని భోజనం వేళకి నిశ్చయించుకుంది. అప్పటి నుంచి మూలలు కలిశాయి. బస్సులో నిలబడి ఇంటిదాకా ఆ పాత జవాబునే పెదాల మీద తిప్పుకుంటూ వచ్చింది. రేపు చెప్పినా సరిపోతుంది కానీ, ఆవిడ ఆ 'సరే'తో ఒక రాత్రి పడుకోవడం ఈమెకి ఇష్టం లేదు.

అత్త కిటికీ దగ్గరి వాలుకుర్చీలో ఉంది. పాప నేల మీద బొమ్మలు వేసుకుంటోంది. కోడలు సంచీ కూడా దించలేదు.

"మీరు ఊరుకోండి అత్తయ్యా, మిమ్మల్ని వదిలేసి పండగేంటి?"

"గట్టిగా మాట్లాడకమ్మా," అంది పాప. "నేను బడి నుంచి వచ్చినప్పట్నుంచీ నానమ్మ పడుకునే ఉంది."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాక కోడలికి అర్థమైంది.

పక్కింటి నర్సు వచ్చి చూసింది. మధ్యాహ్నమే పోయినట్టుంది, నిద్రలోనే, ఏమీ బాధపడలేదు అని చెప్పింది. భర్తకి కబురు పంపారు. నర్సు మంచి మనిషి. తనే నీళ్లు వెచ్చబెట్టి ముసలావిడ ముఖం తుడిచి, జుట్టు దువ్వి, మామూలుగానే అడిగింది.

"పండక్కి కొన్న బట్టలెక్కడ పెట్టావమ్మా? ఏటా కొంటావుగా, అవే వేద్దాం."

కోడలు కవర్ల వైపు తిరిగింది. ఆ సిగ్గు పగవాళ్లకి కూడా వద్దు. చివరికి "తెస్తాను" అని, పండగ కవరూ కరెంటు కవరూ తీసుకుని బయటికి నడిచింది.

బట్టల కొట్టు రంగు దీపాలతో, జనంతో కిటకిటలాడుతోంది. కొట్టతను నవ్వుతూ అడిగాడు.

"ఎవరికండీ, పండక్కేనా?"

"మా అత్తయ్యకి."

కొలతలు ఆమెకి కంఠతా వచ్చు. ముదురు నీలం గౌను, తెల్ల కాలరు, పొడుగు చేతులు. జీవితంలో మొదటిసారి ధర అడగలేదు. రెండు కవర్లూ అతని ముందు పెట్టి, ఇందులోంచి తీసుకోండి అంది. అతను ఎంత తీసుకున్నాడో చూడలేదు.

మర్నాడు చర్చి వాకిట్లో, పెట్టె మూయబోయే ముందు ఒకావిడ దగ్గరికొచ్చి, "గౌను కొత్తదా?" అని మెల్లగా అడిగింది. కోడలు అవునంది. ఆ జవాబు చెప్పుకోవాల్సిన మనిషి కళ్లు మూసుకుని ఉంది. అప్పుడు కోడలు గట్టిగా ఏడ్చింది.

సమాధుల దగ్గర నుంచి ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. పాప నిద్రపోయింది, భర్త గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. కిటికీ గట్టు మీద, నర్సు గౌను నుంచి కత్తిరించి తీసిన ధర చీటీ తెల్ల దారంతో సహా బోర్లా పడి ఉంది.