కాస్త జరగండి

ఏడింటికి మొదటి పడవ. ఇరవైమంది పట్టే పడవలో ఎక్కేది ఆరుగురే. అయినా ఎక్కిన ప్రతివాళ్లూ ఖాళీ బల్ల వైపు చూసి "కాస్త జరగండి" అని మరీ కూర్చుంటారు. ఏటి అవతలి ఆ ఊళ్లో చనిపోయినవాళ్లెవరూ పడవ దిగిపోలేదు మరి! ఆ బరువుకి పడవ అంచు నీళ్లకి బెత్తెడు ఎత్తులోనే ఉంటుంది. జరగమని అడక్కుండా కూర్చుంటే పడవ కదలదు. మర్యాద అంటే మర్యాదే.

ఊరి చరిత్ర రాయమని సర్కారు ఆఫీసు పంపిన అమ్మాయి మొదటి వారం ఆ మాట మరిచిపోయి, పడవ నడిపే, ఊరంతా అత్తా అని పిలిచే ఆవిడ చేత బాగా చీవాట్లు తింది. రెండో వారానికి నోటికి అలవాటైపోయింది.

ఆమె ఫారంలో అసలైన గడి ఒక్కటే: జనం ఇక్కడ ఎన్నాళ్లుగా ఉంటున్నారు? ముప్పై ఏళ్లు దాటితే ఊరు ఉంటుంది, లేదంటే ఖాళీ చేయాల్సిందే. పన్నెండేళ్ల కిందటి వరదలో ఊరి కాగితాలన్నీ కొట్టుకుపోయాయి. కొత్త కార్డులు అప్పుడిచ్చినవే. అందుకని ఆమె బయల్దేరకముందే ఆఫీసులో పెద్దసారు ఆ గడిలో పెన్సిలుతో 'పన్నెండేళ్లు' అని రాసేశాడు.

"దాని మీద పెన్నుతో దిద్దుకురా చాలు, నీ ఉద్యోగం పర్మినెంటు," అన్నాడు.

ఆమె దిద్దలేదు. రోజూ పడవలో కూర్చుని, అత్త చెబుతుంటే బల్ల బల్లకీ పేర్లు రాసుకుంది.

"ఇక్కడ మా అత్తగారు. పక్కన ఆవిడ అత్తగారు. ఇద్దరికీ ఇప్పటికీ పడదమ్మాయ్, మధ్యలో నేను నలిగి చస్తున్నా!"

నెల తిరిగేసరికి తొమ్మిది తరాలు తేలాయి.

ఆ లెక్క విని పెద్దసారు మండిపడుతూ స్వయంగా రేవుకొచ్చాడు. నోటుబుక్కు తిరగేసి, "చచ్చినవాళ్ల సాక్ష్యం చెల్లదు. వీళ్లకి కార్డులున్నాయా?" అంటూ వచ్చి నడి బల్ల మీద చతికిలబడ్డాడు.

అత్త గెడకర్ర నీళ్లలోకి వేసి నెట్టింది. పడవ కదల్లేదు.

"మా మామగారి ఒళ్లో కూర్చున్నారు సార్. ఒక్కమాట అనండి, పోదాం."

"నేనా? పన్నెండేళ్లకి ముందు ఇక్కడెవరూ లేరని రాసిందే నేను!"

"అయితే కూర్చోండి. మాకేం తొందర్లేదు. మేం ఎన్నాళ్ల నుంచో కూర్చునే ఉన్నాం."

ఎండెక్కింది. సారు చొక్కా తడిసిపోయింది. ఎవ్వరూ దిగలేదు, ఎవ్వరూ బతిమాలలేదు. చివరికి ఆయనే గింజుకుంటూ అరిచాడు.

"అబ్బబ్బా, కాస్త జరగండయ్యా!"

పడవ జర్రున జారింది.

అమ్మాయి పెన్ను మూత తీసింది. "ఎవర్ని జరగమన్నారు సార్?"

"ఇంకెవర్ని? వీళ్ల తాతముత్తాతల్ని! ఊపిరాడ్డం లేదు, ఎంతమంది ఉన్నారో!"

అనేశాక గానీ ఏమన్నాడో తెలియలేదు ఆయనకి. పడవంతా విన్నది. ఆమె రబ్బరుతో పెన్సిలు రాత చెరిపేసి, ఇంకుతో రాసింది: 'తొమ్మిది తరాలు. అధికారి స్వయంగా జరగమని అడిగారు, జరిగారు.'

"నీ ఉద్యోగం ఊడుతుంది, తెలుసా?"

ఆమె ఫారం ఆయన ముందుకి జరిపింది.

"తెలుసు సార్. సంతకం ఇక్కడ."

నడి ఏట్లో అత్త గెడ పైకి తీసి, ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, తీరిగ్గా కూర్చుంది.