పియానో కింద పనస పీట

నేను ఒక పనస చెక్క పీటను. పుట్టింది అన్నం తినేవాళ్ళు కూర్చోవడానికి, బతికింది మాత్రం పాదాల కింద. బిట్రగుంట రైల్వే కాలనీలో ఎస్తేరు టీచరమ్మ పియానో పాఠాలు మొదలుపెట్టినప్పుడు, పిల్లల కాళ్ళు నేలకు అందక ఊగులాడుతున్నాయని నన్ను వంటింట్లోంచి లాక్కొచ్చింది. కూర్చునే పీటను కాళ్ళ కింద పెడతావేమిటే అని వాళ్ళమ్మ ఎన్నాళ్ళు సణిగిందో. నాకైతే బాగానే ఉంది. వంటింట్లో బరువులే తెలిశాయి, ఇక్కడ మనుషులు తెలిశారు.

ఎస్తేరమ్మ పాఠం చెప్పే తీరే వేరు. పలక పట్టని పిల్లయినా, మనవలున్న పెద్దమనిషైనా మొదటిరోజు పియానో మెట్లు ముట్టుకోనిచ్చేది కాదు. చెప్పులు విప్పించి, పాదాలు నా మీద పెట్టించి, తెలిసిన పాటేదైనా పాడమనేది. తను మాత్రం పాదాలనే చూసేది. కాలివేళ్ళు ముడుచుకుంటే భయపడుతున్నారన్నమాట. చిన్నవాళ్ళకు బెల్లం ముక్క పెట్టేది, పెద్దవాళ్ళను ఇంటి కబుర్లు అడిగేది. వేళ్ళు విచ్చుకున్నాకే పాఠం. మనుషులు మొహంలో ఏమైనా దాచగలరు గానీ, పాదాలను దిద్దుకోవడం ఎవరికి గుర్తుంటుంది?

అలాంటి చోటికి రిటైరైన గార్డు యాకోబు వచ్చాడు. ఆయన భార్య రూతమ్మ చర్చిలో పియానో వాయించేది. ఎస్తేరుకు నేర్పింది కూడా ఆవిడే. తలలో నరం చిట్లి ఆవిడకు మాట పోయింది, మనుషుల్ని పోల్చుకోవడమూ పోయింది. రోజూ సాయంత్రం ఆవిడ వాయించుకునే కీర్తనను తను నేర్చుకుని వినిపిస్తే, ఒక్కసారైనా తనవైపు తిరుగుతుందేమోనని ఆయన ఆశ.

"జెండా ఊపిన చేతులమ్మా ఇయి. పాట వస్తాదంటావా?" అన్నాడు.

ముందు పాడి వినిపించమంది ఎస్తేరు. తన గొంతు వింటే కుక్కలు కూడా పారిపోతాయన్నాడాయన. తినే పీట మీద కాళ్ళు పెట్టనని మొండికేసి, చివరికి మొహమాటంగా పెట్టాడు. పాడలేదు గానీ, మడమ నా మీద తాళం వేసింది. పట్టాల అతుకుల మీద బండి పోయే తాళం. ఎస్తేరమ్మ ఆ తాళాన్నే పట్టుకుని, ఒక్కొక్క వేలితో కీర్తన నేర్పింది.

వానాకాలం వెళ్ళాక ఒక సాయంత్రం రూతమ్మను చక్రాల కుర్చీలో తీసుకొచ్చాడు. వేలాడుతున్న ఆ చల్లటి పాదాల కిందికి నన్ను జరిపారు. ఆయన తడుముకుంటూ కీర్తన అంతా వాయించి తిరిగి చూశాడు. రూతమ్మ కిటికీ వైపే చూస్తోంది. ఆయన పియానో మూత దించేశాడు.

"వినలేదమ్మా. ఇంక నాకెందుకీ పాఠాలు."

నాకు నోరుంటే అప్పుడే అరిచేదాన్ని. ఎస్తేరమ్మ నేలమీద చతికిలబడి ఉంది.

"మొగం చూస్తే ఎట్టా గార్డు గారూ? ఆమె కుడికాలు చూడండి. మళ్ళీ వాయించండి."

పియానో కింద ఒక మీట ఉంటుంది, కాలితో తొక్కితే స్వరం ఆగకుండా సాగుతుంది. ప్రతి చరణం చివరా రూతమ్మ పాదం నన్ను అలాగే మెత్తగా తొక్కుతోంది. కిందికి చూస్తూ వాయించడంతో ఆయన ఒకచోట తప్పాడు. ఆ పాదం పైకి లేచి, ఆగి, ఎదురుచూసింది. ఆయన దిద్దుకున్నాక దిగింది.

ఆవిడ ఆయనవైపు తిరగనే లేదు. ఆయన మళ్ళీ పాఠాలు మానే మాట ఎత్తలేదు. ఆపైన ప్రతి సాయంత్రం తల వంచుకుని, నన్నే చూస్తూ వాయించాడు.

ఇప్పుడు రూతమ్మ లేదు. యాకోబు ఇంకా పాఠానికి వస్తాడు. ఎడమపాదం నా మీద పెడతాడు. కుడివైపు ఖాళీగా వదిలేస్తాడు.