అలకల ప్రకారం అమర్చిన పుస్తకాలు

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసేవారు ఊరందరి సందేహాలూ తీరుస్తారు కానీ, తమ సందేహాన్ని పక్క బల్ల మనిషిని మాత్రం అడగరు. అడిగితే పరువు పోతుందని వారి నమ్మకం. దీనికి ఆధారమేమీ లేదు. అయినా ఏ మతానికీ ఇంత నిష్ఠ గల అనుచరులు లేరు.

అందుకే పీహెచ్‌డీ గ్రంథాల గది గుట్టు, అందరూ వదినా అని పిలిచే సహాయ లైబ్రేరియన్ ఒక్కదానికే తెలుసు. అక్కడి పాత గ్రంథాలు రాసినవారి పేరు మీద కాక, రాయించిన గైడు పేరు మీద ఉంటాయి. విద్యార్థి మధ్యలో గైడును మార్చితే, పుస్తకం ఏ అరకు చేరిందో ఆమెకే ఎరుక. ఆ ధీమాతోనే ఆమె ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడదే మెడకు చుట్టుకుంది. పెళ్లిళ్లయ్యాక ఒక్కసారైనా కలిసి ఎక్కడికీ వెళ్లని ఆమె అక్కచెల్లెళ్లు, ఆమెకూ కలిపి సముద్రం చూడటానికి టికెట్లు కొన్నారు. ఆమె సెలవు కాగితాన్ని లైబ్రేరియన్ వెనక్కి నెట్టింది.

"మీరు లేకపోతే ఆ గది తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. ఎవరికైనా నేర్పండి, సంతకం పెడతాను."

దొరికినవాడు కౌంటర్ గుమస్తా. మరిది వరస కలుపుకుని ఆమెను ఆటపట్టించే మనిషి. ఆమె గది పటం గీసి చూపితే ఆవలించాడు.

"ఇది నా బుర్రకెక్కదు గానీ వదినా, ఈయన శిష్యుడు ఆయన అరలోకి ఎందుకెళ్లాడు?"

"ఎందుకేమిటయ్యా! నిండు సభలో లేచి గురువుగారి లెక్క తప్పన్నాడు. ఆయన మళ్లీ మొహం చూస్తే ఒట్టు."

"అబ్బో! మరి ఈవిడ?"

పటం మూలపడింది. తగాదాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. వారం తిరిగేసరికి ఎవరు ఏ గ్రంథం అడిగినా అతడు తెచ్చి బల్ల మీద పెట్టసాగాడు. లైబ్రేరియన్ స్వయంగా పరీక్షించి సంతకం చేసింది.

బయల్దేరుతూ ఆమె నిట్టూర్చింది. "నదుల మీద రాసినావిడ గ్రంథం ఒక్కటే నాక్కూడా దొరకలేదయ్యా. పోయినట్టే."

"పోవడమేంటి? సంస్కృతం ప్రొఫెసర్ అరలో ఉంది."

"ఆయనకూ ఆవిడకూ సంబంధమేంటి?"

"కౌంటర్లో కూర్చుంటే ఎన్ని మాటలు చెవిన పడతాయో మీకేం తెలుసు! అదో పెద్ద కథ."

"మరి ఇన్నేళ్లూ చెప్పవేం?"

"మీరడిగారా?"

ఆమె ఒకసారి గడియారం కేసి, ఒకసారి అతడి కేసి చూసి, సంచి అతడి చేతిలో పెట్టింది.

"స్టేషన్ దాకా నడుస్తూ చెప్పు."