ఎడమ చెవి దుద్దు

ఒక నిజం చెప్పేస్తాను. నవ్వితే నవ్వుకోండి.

పాత వస్తువు ఏది చేతికొచ్చినా, నేను ముందు వాసన చూస్తాను.

తుప్పు వాసన. పౌడరు వాసన. పెట్టె అడుగున ఏళ్ల తరబడి మడతల్లో ఉండిపోయిన గుడ్డ వాసన...

ఆదివారమైతే పాత సామాన్ల సంతలో తేలతాను. నారింజరంగు రేడియో — తిప్పితే గరగర. కాలరు తిరగేసి కుట్టిన చొక్కా. మూత ఒకదానిది, ఒళ్లు ఇంకోదానిది అయిన ఫ్లాస్కు.

ఎవరు తిప్పారు? ఎవరు కుట్టారు? ఆ మూత ఎక్కడ దొరికింది?

"ఊళ్లోవాళ్ల పాతంతా మనింటికే చేరుతోంది," అంటుంది అమ్మ.

పెద్దమ్మ ఏమీ అనదు. అమ్మకి అక్క. పెళ్లి చేసుకోలేదు. గడియారాల షాపులో లెక్కలు రాసి రాసి, మానేశాక మాతోనే ఉంటోంది.

ఒకరోజు పౌడరు డబ్బా ఒకటి నా ఒళ్లో పడేసింది.

"ఇదిగో. నీ పిచ్చికి."

లోపల చెవి దుద్దులు. గిల్టువి, క్లిప్పుతో బిగించుకునేవి. చెరో వైపు వంగిన రెండు ఆకులు, మధ్యలో పచ్చటి గాజురాళ్లు.

వాసన చూశాను. ఇత్తడి. పౌడరు. ఇంకేదో...

కుడిది మెరుస్తోంది.

ఎడమది వెలిసిపోయింది.

ఒకే జత. ఒకే డబ్బా. ఒకే వయసు. మరి — ఒక్కటే ఎందుకు?

నేను కోడ్ రాసి బతికే మనిషిని. తేడా కనబడితే నిద్రపట్టదు.

"ఎప్పుడూ ఎడమవైపే ఒత్తిగిలి పడుకునేదానివా పెద్దమ్మా?"

"దుద్దులు పెట్టుకుని ఎవరు పడుకుంటారే?"

"పోనీ, షాపువాడు వేరే జతది అంటగట్టాడేమో?"

"నీకు ఆఫీసులో పనేం లేదా తల్లీ?"

"సరేలే. ఎడమదానికి పాలిష్ పెట్టించేస్తా. రెండూ ఒకేలా అయిపోతాయి."

పెద్దమ్మ డబ్బా తన ఒళ్లోకి లాక్కుంది.

ఒక్కసారి పెట్టుకుని చూపించమని బతిమాలాను. పెట్టుకుంది. అద్దంలో చూసుకుంది. మెడ కాస్త నిటారైంది.

అప్పుడే తన ఫోన్ మోగింది.

పెద్దమ్మ చెయ్యి — తనంతట తనే — ఎడమ చెవి దగ్గరికి వెళ్లింది. దుద్దు ఊడింది. గుప్పిట్లోకి జారింది. గుప్పిట మూసుకుంది.

ఆ తర్వాతే ఫోన్ ఆ చెవికి ఆనింది.

"లోనొద్దు బాబూ. కార్డొద్దు. ఏమీ వద్దు."

పెట్టేసింది. గుప్పిట తెరవలేదు.

నాకు కనబడింది. గడియారాల షాపు. కౌంటరు మీద నల్లటి ఫోన్. చుట్టూ గోడలన్నీ టిక్కుటిక్కుమంటుంటే — గుప్పిట చెమటలో మెల్లగా వెలిసిపోతున్న ఒక చిన్న ఆకు.

"అప్పట్లో షాపుకి అన్నిసార్లు ఫోన్ ఎవరు చేసేవాళ్లు పెద్దమ్మా?"

"ఎవరో. రాంగ్ నంబరు."

"రోజూనా?"

"రోజూ."

"రోజూ రాంగ్ నంబరేనా?"

"ఆఁ. రోజూ అదే రాంగ్ నంబరు."

వంటింట్లో అమ్మ గరిటె చప్పుడు ఆగిపోయింది.

పెద్దమ్మ నవ్వింది. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం — ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు.

"మరి... పాలిష్?" అని నసిగాను.

గుప్పిట విప్పింది. వెలిసినదాన్ని తనే నా చెవికి బిగించింది. వెచ్చగా ఉంది.

"అంత సరదాగా ఉంటే, ఆ మెరిసేదానికి పెట్టించుకో."

ఇప్పుడు ఆ జతే పెట్టుకుని ఆఫీసుకి వెళ్తున్నాను. ఒకటి మెరుస్తూ. ఒకటి మెరవకుండా.

"ఒకటి పోగొట్టుకుని ఇంకోటి పెట్టుకున్నావా?" అంటారు.

"లేదు, జతే," అంటాను.

ఆ రాంగ్ నంబరు ఎవరో నాకింకా తెలీదు. ఎప్పుడు ఆగిపోయిందో తెలీదు. ఎందుకో... అదీ తెలీదు. ఫోన్ మోగినప్పుడల్లా నా చెయ్యి మాత్రం ఎడమ చెవి దగ్గరికి వెళ్తోంది.

మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. ఒకవైపే అరిగిన గాజు. ఒక చెయ్యే నున్నబడిన కుర్చీ. జతలో ఒక్కటే వెలిసినది.

ఎవరి చెయ్యి అది? ఎందుకు? తెలిస్తే నాకూ చెప్పండి.

తెలియకపోతే — ముందు వాసన చూడండి.

ఇత్తడి. పౌడరు.

ఇంకేదో...