వెనక గదిలో వెచ్చటి గాలి

“ఆదివారంలోగా వెనక గది ఖాళీ చెయ్. పాత సామాన్లతనికి చెప్పేశాను, వచ్చి ఎత్తుకుపోతాడు,” అన్నాడు భర్త, భోజనం ముగించి లేస్తూ. కంచం మాత్రం బల్ల మీదే ఉంది. కంచాలకు కాళ్ళుండవు కదా. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంట్లో వాటికి ఆమే కాళ్ళు.

వెనక గదిలో ఉన్నవి నాలుగు సర్వర్లు. ఆమె పనిచేసిన ఆఫీసు మొత్తానికి ఒకప్పుడు ఊపిరి పోసిన పెద్ద కంప్యూటర్లు; అప్పట్లో వాటి ఆలనాపాలనా ఆమెదే. కొత్తవి రాగానే షెడ్డు పక్కన వానలో పడేశారు. “మీ మిషన్లు బయట పెట్టేశారమ్మా, కావాలంటే తీసుకెళ్ళమన్నారు మేనేజరుగారు,” అని వాచ్‌మన్ ఫోన్ చేస్తే, చేతికంటిన పిండి కడుక్కోకుండానే బయల్దేరింది. ఒక్కొక్కటీ మనిషంత బరువు. డిస్కులు విడిగా, కరెంటు పెట్టెలు విడిగా ఊడదీసి, విడతలు విడతలుగా ఇంటికి చేర్చింది.

ఇంటిపని అయ్యాక, మధ్యాహ్నం ఆ గదిలోకి వెళ్తుంది. మూత తీసి, మెత్తటి కుంచెతో దుమ్ము దులుపుతుంది. గుండీ అంత బ్యాటరీ మారుస్తుంది. మెమొరీ పలకలన్నీ పీకేసి, ఒక్కటి మాత్రం ఉంచి స్విచ్ వేస్తుంది. చిన్నగా ఒక్క ‘బీప్’ వినిపిస్తే ప్రాణం ఉన్నట్టు. అప్పుడు మిగతా పలకలు ఒక్కొక్కటే పెడుతూ, ఏది మంచిదో ఏది చెడిందో కనిపెడుతుంది. చివర ఒక చీటీ రాసి అంటిస్తుంది: ‘పనిచేస్తుంది. రెండో ఫ్యాను కాస్త మూలుగుతుంది.’ అబద్ధం రాయదు.

“శవాలకు వైద్యం చేస్తోంది మా కోడలు,” అనేది అత్తగారు మొదట్లో. ఒక శవం లేచి కూర్చున్న రోజు, ఫ్యాన్ల హోరుకి పరుగున వచ్చింది. “ఇల్లు ఎగిరిపోయేట్టుందే అమ్మాయ్!” అంటూ యంత్రం వెనక్కి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. వెనకనుంచి వచ్చే వెచ్చటి గాలి సరిగ్గా ఆవిడ నొప్పుల మోకాళ్ళకు తగులుతోంది. మర్నాడు, ఎవరికీ ఏమీ చెప్పకుండా, తన కుర్చీ అక్కడికి ఈడ్చుకొచ్చుకుంది.

ఆదివారం పాత సామాన్లతను వచ్చాడు.

“అమ్మా, లే. ఇవి తీసుకెళ్ళాలి,” అన్నాడు భర్త.

“నే లేవను. నువ్వు తెచ్చిన నూనె ఎన్ని సీసాలు రాసినా ఇంత సుఖం దొరికిందట్రా నాకు? పోనీ నువ్వొచ్చి పూటపూటా ఊదుతావా?”

సామాన్లతను కిసుక్కున నవ్వాడు. భర్త బుర్ర గోక్కున్నాడు. “సరేలే. అమ్మ కోసం ఉంచేద్దాం.”

గది దక్కింది. ఆమె ఊపిరి పీల్చుకుని స్క్రూడ్రైవర్ అందుకోవలసింది. కానీ ఆ ‘అమ్మ కోసం’ అన్న మాట ఆమె చేత పాత లెక్కలు తీయించింది. కుట్టుమిషన్ వచ్చింది పిల్లల గౌన్ల కోసం. ఉద్యోగం చేసింది ఇల్లు కట్టడం కోసం, మానేసింది మంచాన పడ్డ మామగారి కోసం. పొద్దుటి నడక కూడా భర్త బీపీ కోసమే, తోడుగా. ఇప్పుడీ గది అత్తగారి మోకాళ్ళ కోసం. ఎండాకాలం వస్తే ఆ మోకాళ్ళు ఎలాగూ కుదుటపడతాయి. అప్పుడు?

“అత్తయ్యా, మీరు ఎంతసేపైనా కూర్చోండి. కానీ ఇవి మీ మోకాళ్ళ కోసం ఉండటం లేదు. నాకిష్టం. అందుకే ఉంటాయి.”

“ఇష్టమా?” అన్నాడు భర్త, ఆ మాట ఆ ఇంట్లో మొదటిసారి విన్నట్టు.

“ఊఁ. ఇష్టం.”

సామాన్లతను చెప్పులు వేసుకుని మెల్లగా జారుకున్నాడు. అత్తగారు కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

“అయితే నేను చుట్టపుచూపుగా వచ్చినదాన్నన్నమాట. సరే, చుట్టానికి ఈ కుర్చీ కాస్త జరిపి పెట్టు. ఎడమ మోకాలికి గాలి తగలట్లేదు.”

కుర్చీ జరిపి, ఆమె నాలుగో సర్వరు ముందు కూర్చుంది. మూడు రోజులుగా అది ఉలకదు, పలకదు. ఆ రోజూ పలకలేదు. ‘ఇంకా లేవలేదు. తొందరేమీ లేదు,’ అని చీటీ రాసి అంటించింది.

మధ్యాహ్నం భర్త తిన్న కంచం బల్ల మీదే ఉండిపోయింది. ఆమె టీ కోసం వంటింట్లోకి వచ్చేసరికి, కడిగి బోర్లించి ఉంది. అంచున కాస్త సబ్బు నురగ మిగిలింది. ఆమె దాన్ని తుడవలేదు.